తక్కువ కార్బన్‌తో వంతెన: తిరుపతి, చిత్తూరు ఇంజినీర్లను తరచుగా అడిగే ప్రశ్నలు

మేము తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వంతెనల పనులు చూసే ఇంజినీర్లం. కొందరం డిజైన్ ఆఫీసుల్లో ఉన్నాం, కొందరం ప్రభుత్వ శాఖల్లో, ఇంకొందరం కాంట్రాక్టర్ల దగ్గర. ఒకరు రెడీమిక్స్ ప్లాంటు చూసుకుంటారు, ఇద్దరు కాలేజీలో పాఠాలు చెబుతారు. నెలకోసారి ఆదివారం పొద్దున కూర్చుని, మా మా పనుల్లో సిమెంటు, స్టీలు ఎక్కడ తగ్గించగలమో, దాంతో కార్బన్ ఎంత తగ్గుతుందో లెక్కలు చూసుకుంటాం. సైట్లలో, ఆఫీసుల్లో, కాలేజీల్లో మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాం.

వంతెనకూ కార్బన్‌కూ ఏం సంబంధం? పొగ వచ్చేది బండ్ల నుంచి కదా?

బండ్ల నుంచి వస్తుంది, నిజమే. కానీ వంతెన మీద మొదటి బండి ఎక్కకముందే చాలా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి ఉంటుంది. సిమెంటు కాల్చిన చోట, ఇనుము కరిగించిన చోట, కంకర కొట్టిన చోట అది వెలువడుతుంది. దీన్ని మేము కట్టడంలో ఇమిడిన కార్బన్ అంటాం. ప్రపంచం మొత్తం మీద మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది.

ఇంటి కరెంటు బిల్లు ఈ నెల ఎక్కువైతే వచ్చే నెల తగ్గించుకోవచ్చు. వంతెన విషయంలో ఆ అవకాశం లేదు. స్లాబ్ పోసిన రోజుకే దాని కార్బన్ లెక్కలో అధిక భాగం ఖాయమైపోతుంది. అందుకే డ్రాయింగ్ దశ మీద మాకు అంత పట్టుదల.

సిమెంటు నుంచి అంత ఎందుకు వస్తుంది? మంచి ఇంధనం వాడితే సరిపోదా?

సరిపోదు. సిమెంటుకు ముడిసరుకు సున్నపురాయి. దాన్ని బట్టీలో దాదాపు 1450 డిగ్రీల వేడికి తీసుకెళ్తారు. ఆ దారిలోనే రాయి విరిగి సున్నం ఒకవైపు, కార్బన్ డయాక్సైడ్ ఒకవైపు అవుతాయి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల వాయువు పైకి పోతుంది. ఇది ఇంధనం నుంచి వచ్చే పొగ కాదు, రాయిలోనే ఉన్నది. సిమెంటు నుంచి వచ్చే మొత్తంలో సుమారు 60 శాతం ఇలా రాయి నుంచే వస్తుంది. బొగ్గు మానేసి ఏది కాల్చినా ఆ భాగం తగ్గదు.

ఓపీసీ, అంటే వేరే పొడులేవీ కలపని మామూలు సిమెంటు, టన్నుకు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. యర్రగుంట్ల వైపు రైల్లో వెళ్లేటప్పుడు ఆ ఫ్యాక్టరీల గొట్టాలు చూసే ఉంటారు. మన కడప రాయే అక్కడ సిమెంటై మన వంతెనలకు వస్తోంది.

మరి స్టీలు?

ఇనుప ఖనిజం, కోక్ వాడి ఊదుకొలిమిలో తీసిన స్టీలైతే టన్నుకు 2 టన్నులు దాటుతుంది. పాత ఇనుము కరిగించి కరెంటు కొలిమిలో చేసిన స్టీలుకు చాలా తక్కువ. కాకపోతే ఆ కరెంటు ఎక్కడిదన్నది కూడా చూడాలి. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీలుకు కొలత ప్రకటించింది. టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువైతేనే ఆ పేరు, 1.6 కంటే తక్కువైతే అయిదు నక్షత్రాలు. ఇప్పుడు కమ్మీలు కొనేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు ఈ సంగతి కూడా అడగవచ్చు. అడిగేవాళ్లు పెరిగితేనే మిల్లు వాళ్లు చెప్పడం మొదలుపెడతారు.

ఒక చిన్న వంతెనకు లెక్క వేసి చూపిస్తారా?

చూపిస్తాం. పంచాయతీ రోడ్డు మీద వంక దాటడానికి 24 మీటర్ల పొడవు, 8.4 మీటర్ల వెడల్పు వంతెన అనుకుందాం. పునాదులతో కలిపి కాంక్రీటు 250 ఘనపు మీటర్లు, కమ్మీలు 25 టన్నులు అనుకుందాం. ఘనపు మీటరుకు 380 కిలోల ఓపీసీ వేస్తే సిమెంటు 95 టన్నులు.

సిమెంటుకు టన్నుకు 0.9 చొప్పున దాదాపు 86 టన్నుల కార్బన్ డయాక్సైడ్. స్టీలుకు 2.2 చొప్పున 55 టన్నులు. రెండూ కలిపి 140 టన్నుల పైమాటే.

ఇప్పుడు లారీల సంగతి. అందరూ మొదట అనుమానించేది లారీలనే. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిమెంటు నాలుగు లారీల్లో వచ్చిందనుకోండి, ఒక్కో లారీకి రానూ పోనూ 360 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు. 360 లీటర్లు, అంటే ఒక టన్ను. ఇసుక, కంకర దగ్గర నుంచే వస్తాయి కాబట్టి అవి ఇంకో టన్ను లోపే. 140 టన్నుల ముందు ఇవి రెండు టన్నులు కూడా కావు. మేము మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు పడిందేమోనని మళ్లీ వేశాం. తప్పు లేదు.

ఇప్పుడు తగ్గించి చూద్దాం. సిమెంటులో 40 శాతం బదులు స్లాగ్ (ఇనుము కొలిమి తెట్టు) పొడి వేస్తే, దానికి టన్నుకు సుమారు 0.08 మాత్రమే కాబట్టి, 86 కాస్తా 54 అవుతుంది. స్టీలు 1.6 టన్నుల రకం దొరికితే 55 కాస్తా 40 అవుతుంది. డిజైన్ సరిచూసుకుని మొత్తం సరుకే పదో వంతు తగ్గిస్తే ఈ రెండూ కలిసి 85 దగ్గరికి వస్తాయి. డెక్ (బండ్లు నడిచే పై స్లాబ్) చదరపు మీటరుకు చూస్తే దాదాపు 700 కిలోలు ఉన్నది 420కి దిగింది. వంతెన అదే, మోసే బరువు అదే.

ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసుకుంటే చాలదా? ఇంజినీర్లంతా కలిసి కూర్చోవడం ఎందుకు?

మేము ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

పై లెక్కలో తగ్గింపు మూడు చోట్ల వచ్చింది. స్లాగ్ వేయాలా వద్దా అన్నది మిక్స్ డిజైన్ చేసేవాళ్ల చేతిలో ఉంది. స్టీలు కాంట్రాక్టర్ కొనుగోలులో ఉంది. సరుకు తగ్గడం డిజైనర్ చేతిలో ఉంది, అదీ నేల పరీక్ష చేసినవాళ్లు, వరద లెక్క చూసినవాళ్లు సరైన సమాచారం ఇస్తేనే. వీటన్నిటికీ అనుమతి ఇవ్వాల్సింది శాఖ. ఒక్కరు కూడా ఒంటరిగా 140ని 85 చేయలేరు. పైగా ఒకరు జాగ్రత్త కోసం కొంత కలుపుతారు, తరువాతి వాళ్లు ఆ సంగతి తెలియక ఇంకొంత కలుపుతారు. చివరికి ఎవరూ అడగని కాంక్రీటు భూమిలోకి పోతుంది.

చంద్రగిరి వైపు ఒక వంక మీద పని గురించి చెబుతాను. డ్రాయింగ్‌లో మూడు స్పాన్‌లు (రెండు ఆధారాల మధ్య భాగాలు), రెండు పియర్లు (మధ్య స్తంభాలు), అన్నిటికీ పైల్ పునాదులు, అంటే భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు. డిజైనర్‌కు ఇచ్చిన నేల రిపోర్టులో ఒక్క బోరు (నేల పరీక్షకు వేసే రంధ్రం) వివరాలే ఉన్నాయి. ఆ బోరు మెత్తటి చోట పడింది. గీసినాయన తప్పేమీ లేదు, చేతిలో ఉన్న కాగితం ప్రకారం గీశాడు. టెండర్‌కు ముందు మేము అయిదుగురం కలిసి వంకలో నడిచాం. నేల పరీక్షలు చేసే మిత్రుడు వంక మధ్యలో ఒక చోట గడ్డపారతో కొట్టి చూసి, ఇక్కడ బండ పైకే ఉంది, ఇంకో బోరు వేయాల్సిందే అన్నాడు. వేస్తే రెండున్నర మీటర్ల లోతులోనే గట్టి బండ తగిలింది.

అక్కడే పొలానికి పోతున్న ఒక పెద్దాయన ఆగి, ఏం చూస్తున్నారు సార్ అని అడిగాడు. వరద ఎంతవరకు వస్తుందన్నా అంటే మమ్మల్ని గట్టు మీద రామాలయం దాకా తీసుకెళ్లాడు. గోడకు మోకాలి ఎత్తున మట్టి చార. మొన్నటి పెద్ద వానకు ఇంతవరకే వచ్చింది, పైన చెరువు మరవ పారినా ఇంతకు మించలేదు అన్నాడు. ఆ చారను లెవెల్ పెట్టి కొలిచి, లెక్క కట్టిన వరద మట్టంతో పోల్చుకున్నాం. రెండూ దగ్గరగానే ఉన్నాయి. చివరికి మూడు స్పాన్‌ల బదులు రెండు, ఒకే పియర్, అది బండ మీదే. పైల్స్ అవసరమే రాలేదు. ఏ కొత్త టెక్నాలజీ వాడలేదు. అయిదుగురు ఒక పూట కలిసి నడిచారు, అంతే.

ఇదే పని టెండర్ అయ్యాక చేసి ఉంటే సగం కూడా మార్చగలిగేవాళ్లం కాదు. రేట్లు ఖాయమవుతాయి, గడువు మొదలవుతుంది, మార్పు అనగానే అందరికీ టెన్షన్.

బయటి దేశాల్లో ఇలా చేస్తున్నారా?

చేస్తున్నారు. బ్రిటన్‌లో నెట్ జీరో బ్రిడ్జెస్ గ్రూప్ పేరుతో వంతెనల ఇంజినీర్లు కలిసి పనిచేస్తున్నారు. అందులో ఒకరితో ఒకరు పోటీ పడే సంస్థల వాళ్లూ ఉన్నారు. మౌలిక వసతుల పనుల్లో కార్బన్‌ను ఎలా నిర్వహించాలో చెప్పే పాస్ 2080 అనే ప్రమాణం అక్కడ 2016లో వచ్చింది, 2023లో సవరించారు. పని చేయించుకునేవారు, డిజైనర్, కాంట్రాక్టర్, సరుకు అమ్మేవారు అందరికీ బాధ్యత ఉందని అది స్పష్టంగా చెబుతుంది. ఏ సరుకుకు ఎంత కార్బన్ అన్న అంకెలకు బాత్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఇన్వెంటరీ ఆఫ్ కార్బన్ అండ్ ఎనర్జీ అనే పట్టిక ఎక్కువగా వాడుకలో ఉంది. మన సిమెంటుకు, మన కరెంటుకు అవే అంకెలు సరిపోవు కాబట్టి, ఇక్కడి ఫ్యాక్టరీలు ఇచ్చే వివరాలు దొరికినప్పుడు వాటినే తీసుకుంటాం.

స్లాగ్, బూడిద కలిపితే కాంక్రీటు బలహీనపడదా?

ఈ అనుమానం మేస్త్రీల నుంచి పెద్ద ఇంజినీర్ల దాకా ఉంది. తప్పు పట్టం. బూడిద అనే మాట వింటేనే కల్తీ అనిపిస్తుంది.

స్లాగ్ అంటే ఊదుకొలిమిలో ఇనుము మీద తేలే తెట్టు. దాన్ని నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చి మెత్తగా పొడి చేస్తారు. బూడిద థర్మల్ కేంద్రాల నుంచి వస్తుంది. మనకు దగ్గరలో ముద్దనూరు వైపు రాయలసీమ థర్మల్ కేంద్రం, నెల్లూరు వైపు కృష్ణపట్నం ఉన్నాయి. ఈ పొడులు సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో కలిసి తామూ గట్టిపడతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారమే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద, స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా స్లాగ్ ఉంటాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వంతెనల కోడ్ ఐఆర్‌సీ 112 కూడా వీటిని అనుమతిస్తుంది.

ఒక్క తేడా ఉంది. ఇవి నిదానంగా బలం పుంజుకుంటాయి. మాలో ఒకరి సైట్‌లో ఎం35 (28 రోజులకు 35 మెగాపాస్కల్ బలం రావాల్సిన) కాంక్రీటులో 40 శాతం స్లాగ్ వేశారు. ఏడో రోజు పరీక్ష కోసం పోసిన కాంక్రీటు క్యూబ్‌లు పగలగొడితే 19 మెగాపాస్కల్ వచ్చింది. ఆ రాత్రి పదింటికి ఫోన్. అన్నా, పని ఆపేయమంటున్నారు, బిల్లు ఆపుతామంటున్నారు, ఏం చేయాలి అని గొంతు వణుకుతోంది. తనిఖీకి వచ్చిన కన్సల్టెంట్ ఓపీసీ అలవాటుతో ఏడో రోజుకు మూడింట రెండు వంతులు రావాల్సిందే అని పట్టుబట్టాడు. స్లాగ్ మిక్స్‌కు ఏ వయసులో ఎంత బలం ఆశించాలో ముందుగా రాసుకోకపోవడం మేము చేసిన తప్పు. మిగిలిన క్యూబ్‌లు నీళ్ల తొట్టిలోనే ఉంచి ఆగాం. 28వ రోజు 41 వచ్చింది. 56వ రోజు చివరి మూడు క్యూబ్‌లు పగలగొట్టేటప్పుడు అందరం ల్యాబ్‌కు వెళ్లాం. మిషన్ ముల్లు 40 దాటి, 45 దాటి, 47 దగ్గర క్యూబ్ ఠప్పుమని పగిలింది. ఆ శబ్దం నాకింకా చెవుల్లో ఉంది.

అప్పటి నుంచి మా వాళ్లెవరు స్లాగ్ మిక్స్ వాడినా 7, 28, 56 రోజుల అంచనాలు మిక్స్ డిజైన్‌లోనే రాసి, శాఖ ఇంజినీర్ సంతకం ముందే తీసుకుంటారు. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్నది ఆ క్యూబ్‌ల ప్రకారమే నిర్ణయిస్తారు.

మన ఎండల్లో ఇది నిలుస్తుందా?

నీళ్లు పడితే నిలుస్తుంది. మే నెలలో తిరుపతి ఎండకు తాజా స్లాబ్ పైన తేమ గంటల్లో ఆరిపోతుంది. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజులు, స్లాగ్ లేదా బూడిద ఉంటే 10 రోజులు క్యూరింగ్ చేయాలి. వేడి, పొడి వాతావరణంలో ఇవి 10, 14 రోజులవుతాయి. తక్కువ కార్బన్ మిక్స్ వేసి నాలుగు రోజులకే గోనెసంచులు తీసేస్తే పై పొర గుల్లబారుతుంది. తరువాత తప్పు స్లాగ్ మీదకు పోతుంది. కాబట్టి నీళ్ల ట్యాంకర్ ఖర్చు, కాపలా మనిషి కూలి ఎస్టిమేట్‌లోనే విడిగా చూపించమని చెబుతాం. మధ్యాహ్నం కాకుండా సాయంత్రం పోత మొదలుపెట్టడం మంచిది. గోనెసంచి చేత్తో పట్టుకుంటే వేళ్లకు తడి తగలాలి, ఇది మా సైట్లలో రోజువారీ పరీక్ష.

స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుంది. పునాది లోతు తగ్గించి సిమెంటు ఆదా చేయవచ్చు కదా?

వద్దు. ఈ ఒక్క విషయంలో మేము రాజీ పడం.

ఎండిన ఏరు నెమ్మదైన ఏరు కాదు. 2021 నవంబర్‌లో ఏం జరిగిందో మనందరం చూశాం. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. కడప జిల్లాలో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కుంగి కూలింది. నెల్లూరు జిల్లా పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది.

వరదలో పియర్ చుట్టూ నీళ్లు సుడి తిరిగి ఇసుకను తవ్వుకుపోతాయి. దీన్నే స్కవర్ అంటాం. నీళ్లు తగ్గాక ఆ గుంతలో మళ్లీ ఇసుక చేరి పైకి ఏమీ కానట్టే కనిపిస్తుంది. అందుకే మామూలు రోజుల్లో చూసి లోతు నిర్ణయించకూడదు. లేసీ సూత్రంతో సగటు కోత లోతు కట్టి, పియర్ దగ్గర దానికి 2 రెట్లు, అబట్‌మెంట్ (ఒడ్డున వంతెన చివర ఆనే గోడ) దగ్గర 1.27 రెట్లు తీసుకోమని ఐఆర్‌సీ 78 చెబుతుంది. పునాది అంతకన్నా కిందికి పోవాలి. కోతకు లొంగని గట్టి బండ దొరికితే వేరే సంగతి, చంద్రగిరి పనిలో జరిగింది అదే.

కార్బన్ లెక్కలో చూసినా పునాది తగ్గించడం నష్టమే. వంతెన దెబ్బతిని రోడ్డు మూసేస్తే రోజుకు 300 లారీలు 16 కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లాయనుకోండి. లారీకి 4 లీటర్లు, మొత్తం 1200 లీటర్లు, రోజుకు 3.2 టన్నులకు పైనే. 17 రోజులు మూసి ఉంటే పైన చెప్పిన వంతెనలోని స్టీలు కార్బన్ మొత్తానికి సమానమవుతుంది. ఆ తరువాత మళ్లీ కట్టాలి. ఇందులో మనుషుల ప్రాణాలు, గర్భిణుల ప్రయాణాలు, బడి పిల్లల అవస్థలు లెక్కలోకి రాలేదు.

పాత వంతెన పడగొట్టి కొత్తది కట్టడం మేలా, బాగుచేయడం మేలా?

ముందు పాతదాన్ని చదవాలి. ఇప్పటికే నిలబడి ఉన్న కాంక్రీటు కార్బన్ ఎప్పుడో ఖర్చయిపోయింది, దాన్ని వాడుకున్నంత కాలం కొత్త ఖర్చు లేదు. పునాదులు, పియర్లు గట్టిగా ఉండి డెక్ మాత్రమే పాడైతే డెక్ మార్చి, అవసరమైతే పియర్‌కు జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) చేయవచ్చు. చాలా వంతెనల్లో మొదట చెడేవి బేరింగులు (డెక్ కింద ఆనే మెత్తలు), ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (వేడికి డెక్ సాగడానికి వదిలే సందులు). జాయింట్ లోంచి నీళ్లు కారి గర్డర్ (డెక్‌ను మోసే దూలం) చివర కమ్మీ తుప్పు పడుతుంది. ఏటా వానలకు ముందు డ్రైన్ గొట్టాల్లో మట్టి తీయించడం లాంటి చిన్న పని వంతెన ఆయుష్షు పెంచుతుంది. దీనికి ఎవరూ శిలాఫలకం పెట్టరు కాబట్టి నిధులు రావు. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కొత్తగా కట్టే చిన్న వంతెనల్లో జాయింట్లు, బేరింగులు లేకుండా డెక్‌ను, అబట్‌మెంట్‌ను ఒకటిగా కట్టే పద్ధతి ఉంది. ఇంటిగ్రల్ వంతెన అంటారు. ఐఆర్‌సీ దీనికి 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మన వంకల మీద వంతెనలకు ఇది బాగా కుదురుతుందని మా అభిప్రాయం.

అయితే పునాది కింద కోత పడిన పాత వంతెనను కార్బన్ పేరు చెప్పి నిలబెట్టమని ఎప్పుడూ అనం.

తిరుపతిలోని శ్రీనివాస సేతు లాంటి పెద్ద ఫ్లైఓవర్లకూ ఇదే లెక్కా?

లెక్క అదే, అవకాశాలు ఎక్కువ. 2023 సెప్టెంబర్‌లో పూర్తిగా తెరిచిన ఆ సేతు సుమారు 7 కిలోమీటర్లు. అంత పొడవులో ఒకే రకం సెగ్మెంట్ (వంతెన పై భాగంలో ఒక ముక్క) వందలసార్లు పోస్తారు. కాబట్టి ఒక్క సెగ్మెంట్‌లో గోడ మందం రెండు సెంటీమీటర్లు తగ్గించగలిగినా అది వందల రెట్లవుతుంది. చిన్న వంతెనలో డిజైనర్ ఒక వారం అదనంగా కూర్చోవడం భారం అనిపించవచ్చు, పెద్ద పనిలో ఆ వారం ఖర్చు లెక్కలోకే రాదు. పలమనేరు మీదుగా వచ్చే బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పనుల్లో కల్వర్టులే ఎన్నో ఉంటాయి. వాటికి ఒక్క మంచి నమూనా చాలు.

ఎల్‌సీ3 సిమెంటు గురించి వింటున్నాం. అదేమిటి?

కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను (బట్టీలో కాలి వచ్చే సిమెంటు గడ్డలను) దాదాపు సగానికి తగ్గించిన సిమెంటు. కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. స్విట్జర్లాండ్ లోని ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయంతో పాటు మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు దీని మీద పనిచేశాయి. 2023లో ఐఎస్ 18189 పేరుతో భారతీయ ప్రమాణం వచ్చింది. రాబోయే కాలంలో బొగ్గు కేంద్రాలు, ఊదుకొలుములు తగ్గితే బూడిద, స్లాగ్ కూడా తగ్గుతాయి, అప్పుడు దీని అవసరం పెరుగుతుంది. మన దగ్గర మామూలు డీలర్ దుకాణంలో దొరికే స్థితి రావాలి.

ఖర్చు పెరుగుతుందా?

సరుకు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, ఇందులో మతలబు లేదు. స్లాగ్, బూడిద వాడితే బైండర్ (సిమెంటు, ఈ పొడులు కలిపి) ఖర్చు సాధారణంగా పెరగదు. పెరిగేది సమయం. సెంట్రింగ్ కొన్ని రోజులు ఎక్కువ ఉంచాలి, క్యూరింగ్ ఎక్కువ చేయాలి. నేల పరీక్షకు మరో రెండు బోర్లు వేయాలి. ఈ డబ్బు ముందుగా పెట్టాలి, ఆదా తరువాత కనిపిస్తుంది. ఆఫీసులో ఈ వరస ఒప్పించడమే కష్టం. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్డు పనులు చేసేవారు బూడిద వాడాలని కేంద్రం 2021 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఎస్టిమేట్ సమర్థించుకోవడానికి అది కూడా ఉపయోగపడుతుంది.

రాయి పొడి చేసి తీసే రోబో ఇసుక వాడితే కార్బన్ తగ్గుతుందా?

పెద్దగా తేడా రాదు. రాయి కొట్టడానికి కరెంటు పడుతుంది. కానీ ఏటి ఇసుక అతిగా తోడితే ఏటి మట్టం దిగి పాత వంతెనల పునాదులు బయటపడతాయి. అందుకే రోబో ఇసుకే మేలంటాం.

చెట్లు నాటితే సరిపోదా?

చెట్లు నాటండి. అయితే సిమెంటు బట్టీ నుంచి వచ్చినది ఈ రోజే గాలిలో కలుస్తుంది, మొక్క దాన్ని తీసుకోవడానికి దశాబ్దాలు బతకాలి. మా లెక్కల్లో చెట్లను తీసివేతగా చూపించం.

ఎస్టిమేట్‌లో కార్బన్ ఎలా చూపించాలి?

కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ ఎస్టిమేట్ షీట్‌లో పరిమాణం, రేటు, మొత్తం అనే కాలమ్‌ల పక్కన ఇంకో రెండు పెట్టండి. ఒకటి యూనిట్‌కు కార్బన్, రెండోది మొత్తం కార్బన్. కాంక్రీటు ప్రతి గ్రేడుకూ ఒకటి, కమ్మీలకు ఒకటి, ప్రీస్ట్రెస్ కేబుల్‌కు (కాంక్రీటును బిగించి పట్టే స్టీలు తీగలకు) ఒకటి, తవ్వకాలకు డీజిల్ చొప్పున ఒకటి. చిన్న వంతెనకు పది వరసలు దాటవు. కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు తీసుకుంటాం.

ఈ లెక్క మూడుసార్లు వేయాలి. మొదటిది స్పాన్‌లు ఖాయం చేయకముందు. రెండోది డ్రాయింగ్ అయ్యాక. మూడోది పని ముగిశాక, ఎం-బుక్‌లో (సైట్ కొలతల పుస్తకంలో) రాసిన నిజమైన పరిమాణాలతో. మూడోది చాలామంది వదిలేస్తారు, మాకు అన్నిటికంటే విలువైనది అదే. డ్రాయింగ్‌లో 250 ఘనపు మీటర్లున్నది సైట్‌లో 270 ఎందుకైంది, వృథా ఎక్కడ పోయింది అన్నది అక్కడే తెలుస్తుంది. చివర్లో డెక్ చదరపు మీటరుకు ఎన్ని కిలోలో రాస్తే రెండు వంతెనలను పోల్చుకోవచ్చు.

మా లెక్కలు పంచుకుంటే పోటీ సంస్థకు లాభం కాదా?

మాకూ మొదట్లో ఈ సంకోచం ఉండేది. రేట్లు, మార్జిన్లు ఎవరూ చెప్పనక్కర్లేదు. మేము పంచుకునేది స్పాన్, వెడల్పు, పునాది రకం, కాంక్రీటు, స్టీలు, క్యూబ్ ఫలితాలు. పని పేరు, కాంట్రాక్టర్ పేరు తీసేస్తాం. ఒకరి దగ్గర రెండు వంతెనల అంకెలుంటే అవి ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? ఇరవై ఉంటే తెలుస్తుంది. మాలో ఒకాయన గర్డర్లలో అందరికంటే పావు వంతు ఎక్కువ స్టీలు వేస్తున్నట్టు ఇలాగే బయటపడింది. పాత డ్రాయింగ్ నుంచి కాపీ అయిన ఒక అంకె ఏళ్ల తరబడి అలా వస్తోంది. ఆయనే మాకు చూపించి, ఆయనే సరిచేసుకున్నారు.

నేను సివిల్ విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎస్వీ యూనివర్సిటీ కావచ్చు, ఏర్పేడు ఐఐటీ కావచ్చు, చిత్తూరులో ఏ కాలేజీ అయినా కావచ్చు, మీ ఊరికి దగ్గరలో ఒక కల్వర్టు ఎంచుకోండి. టేపు తీసుకెళ్లి కొలవండి. కాంక్రీటు ఎంతో లెక్కకట్టి, కార్బన్ ఎంతో వేయండి. తరువాత అదే పనిని ఇంకెలా కట్టవచ్చో మూడు రకాలుగా గీయండి. రెండు వారాల్లో మీకు పట్టు దొరుకుతుంది. ప్రాజెక్టుకు క్యూబ్‌ల పని ఎంచుకుంటే 28 రోజులతో ఆపకండి, సెమిస్టర్ ముందే పోసి 56, 90 రోజులు కూడా చూడండి.

మీతో కూర్చోవాలంటే ఏం తీసుకురావాలి?

మీరు పూర్తి చేసిన ఒక్క వంతెన కాగితాలు చాలు. జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్, బార్ బెండింగ్ షెడ్యూల్, మిక్స్ డిజైన్, నేల రిపోర్టు, క్యూబ్ రిజిస్టర్. తప్పు జరిగిన పనైతే ఇంకా మంచిది, దాన్నుంచే మేము ఎక్కువ నేర్చుకున్నాం. కాగితాలు అన్నీ లేకపోతే క్యూబ్ రిజిస్టర్ జిరాక్స్ ఒక్కటి తెచ్చినా సరే, పక్కన కూర్చుని మిగతావి కలిసి కట్టుకుందాం.